అక్క గొంతుకు మూడు మెట్లు పైన

మా ఊరు గుడియాత్తంలో మ్యాట్నీ చూసి బయటికొచ్చాక కూడా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. సినిమాలో హీరోయిన్ ఒక హోటల్లో భోజనాల వేళ పాటలు పాడే మనిషి. ఆ పాటలు గాయని చేత పాడించకుండా ఆమే సొంత గొంతుతో పాడింది. తగ్గు గొంతు, కాస్త గరుకు, అక్కడక్కడా ఊపిరి కూడా తెలుస్తుంది. మొదటి పాట మొదలవగానే హాల్లో నవ్వులు లేచాయి. వెనక వరసలో ఒకడు, "జలుబు చేసిందేమో, మాత్ర ఇయ్యండప్పా" అన్నాడు. మళ్లీ నవ్వులు.

నా పక్క సీట్లో మా అక్క కూర్చుని ఉంది. అక్క పదకొండేళ్లుగా వేలూరులో ఒక హోటల్లో భోజనాల వేళ పాటలు పాడుతోంది. ఆమె గొంతు అచ్చం అదే.

మాది కట్టడం పనుల కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు రాసేది, చదివేది మా ఇంట్లో నేనొక్కడినే, అదీ మీసాలొచ్చాక పట్టుబట్టి నేర్చుకున్నాను. నేను గోడలకు రంగులు వేస్తాను, కీబోర్డు కూడా వాయిస్తాను. అక్క పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా సిమెంటు మోసింది. ఆ దుమ్ము గొంతులో దిగిందో, పుట్టుకతోనే అంతో నాకు తెలియదు. వేలూరు హోటల్ హాలుకు పూత పని మేమే చేశాం. చివరి రోజు అక్క ఖాళీ హాల్లో నేల కడుగుతూ పాడుకుంటుంటే మేనేజరు మెట్ల మీద ఆగి విన్నాడు. వారం తిరక్కముందే కబురు పంపాడు. పాడడానికి అక్క, కీబోర్డు వాయించడానికి నేను.

ఆ హోటల్ పెద్ద ఆసుపత్రికి దగ్గర. తినడానికి వచ్చేవాళ్లలో సగం మంది బెంగాల్ నుంచో, అస్సాం నుంచో వైద్యానికి వచ్చినవాళ్లు. వాళ్ల ముందు ఎలా పాడాలో అక్కకు ఎవరూ నేర్పలేదు, తానే నేర్చుకుంది. టేబుల్ మీద ఎక్స్‌రే కవరు కనిపిస్తే ఆ వైపు చూస్తూ పాడదు. ఎవరికైనా ఫోనొచ్చి వాళ్ల ముఖం మారితే పాటను అక్కడికక్కడే నెమ్మదిగా ముగించేస్తుంది. తల్లి ఒళ్లో పిల్ల నిద్రపోతుంటే ఆ పిల్ల లేవకూడదు, పక్క టేబుల్ వాళ్ల మాట ఆగకూడదు, అయినా పాట వినపడాలి. గంటల తరబడి అలా పాడడం పెద్ద పెద్ద కచేరీలు చేసేవాళ్లకు కూడా చేతకాదు. ఈ మాట నేను గర్వంగానే రాస్తున్నాను.

ఆ రోజు సినిమా అయ్యాక థియేటరు ఎదుటి టీ కొట్లో మా ట్రూపు పెద్దాయన కలిశాడు. ఊళ్లో పెళ్లిళ్లకు, జాతరలకు సినిమా పాటలు పాడే ట్రూపు ఆయనది. మైకులు, స్పీకర్లు కూడా ఆయనవే. ఆ ట్రూపులో కూడా నాదే కీబోర్డు. ఆయనా అదే ఆట చూసి వచ్చాడు.

"హోటల్లో పాడేదంటే కురలు తేనె మాదిరి ఉండాలప్పా" అన్నాడు. తమిళంలోనూ, మా తెలుగులోనూ కురలంటే గొంతే. "తినేవానికి ఇంకొక ముద్ద ఎక్కువ దిగాల. ఇదేంది, గచ్చు రుద్దినట్టు ఉండాది."

"నువ్వు యాడన్నా హోటల్లో పాట విన్నావా అన్నా?" అని అడిగాను.

"యింటేనే తెలుస్తాదా? ఎన్ని సినిమాల్లో చూళ్లేదు?"

అదీ సంగతి. హోటల్లో పాడే మనిషి గొంతు ఎలా ఉంటుందో ఈయన ఇంకో సినిమా చూసి నేర్చుకున్నాడు. ఆ సినిమాలో పాడింది ఏసీ గదిలో కూర్చున్న గాయని. ఆమె ఒక్క రోజైనా సాంబారు గిన్నెల చప్పుడు మధ్య నిలబడి పాడి ఉండదు. నిజం పాడినదాన్ని చూసి ఇది అబద్ధం అంటే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

అక్క మాత్రం నింపాదిగా చెప్పింది. "ఆ పిల్ల సరిగ్గానే పాడిందన్నా. రెండో పాటకే బరువంతా ఎడమ కాలి మీద వేసింది, చూసినావా? శానాసేపు నిలబడి పాడేవాళ్లకే అది వస్తాది. మైకు మాత్రం నోటికి మరీ దగ్గర పెట్టుకుంది. అన్నం తినేవాళ్లకు మన ఊపిరి ఇనపడకూడదు."

పెద్దాయన నవ్వాడు. "నీకు నచ్చుతాది లేమ్మా. నీ కురలు మాదిరే ఉండాది కదా."

అక్క టీ తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టింది.

ఇక్కడ మా ట్రూపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ పాటైనా సరే రికార్డులో ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలోనే పాడాలి. ఒక్క మెట్టు దిగినా "రికార్డు మాదిరి లేదు" అని జనం అంటారని పెద్దాయన భయం. సినిమాల్లో ఆడవాళ్ల పాటలన్నీ ఎక్కడో పైన ఉంటాయి. అక్క గొంతు అంత పైకి పోదు. నా కీబోర్డులో ఒక బటన్ ఉంది, దాన్ని ఎడమ పక్క నొక్కితే పాట మొత్తం ఒక్కో మెట్టు దిగుతుంది, కుడి పక్క నొక్కితే ఎక్కుతుంది. హోటల్లో నేను చేసేది అదే, మూడు మెట్లు దించేస్తాను, అక్క హాయిగా పాడుతుంది. ట్రూపులో మాత్రం, "అర మెట్టు కూడా దించేది లేదప్పా, రికార్డు అంటే రికార్డే" అని పెద్దాయన తేల్చేశాడు. అందుకని అక్క ఎన్నేళ్లయినా వెనక నిలబడి కోరస్ పాడింది. సొంత ఊళ్లో ఒక్కసారి కూడా ముందుకొచ్చి పాడలేదు.

ఇది చిన్న విషయం కాదు. హోటల్లో పాడుతుందంటే మా వీధిలో వాళ్లు ఏవేవో ఊహించుకుంటారు. కొళాయి దగ్గర ఆమెను చూసి మాట ఆపేస్తారు. అక్క ఒకసారి నాతో అంది, "మన ఊరోళ్లు ఒక్క పాట యింటే చాలు నాయనా. నేను ఆడ ఏం చేస్తా ఉండానో వాళ్లకే తెలుస్తాది."

సినిమా చూసి నవ్వినవాళ్లే రెండు వారాలకు ఆ పాటను ఫోన్లలో మోగించడం మొదలుపెట్టారు. జాతర కచేరీకి ఆ పాట కావాలని అడిగారు. ట్రూపులో ఉన్న ఇద్దరు అమ్మాయిలవీ తీపి గొంతులు, అంత కిందికి దిగవు. పెద్దాయన మా ఇంటికి నడిచి వచ్చి అక్కను అడిగాడు. ఇన్నేళ్లకు రికార్డు శ్రుతి, అక్క శ్రుతి ఒకటయ్యాయి. అక్క హోటల్లో సెలవు చెప్పి, పది రోజులు వంటింట్లో ఆ పాటే పాడుకుంది.

కచేరీ రోజు సాయంత్రం నేను వైర్లు సర్దుకుంటుంటే పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పాటను మూడు మెట్లు పైకి ఎక్కియ్యప్పా. అంత కింద పాడితే జనం లేసి పోతారు."

"రికార్డులో అంతే ఉండాది కదన్నా."

"రికార్డులో ఆ పిల్ల పాడను రాక పాడినాది. మనమూ అట్లనే పాడాల్నా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటే ఇదే. అక్క దించమన్నప్పుడు రికార్డు వేదం. రికార్డే దిగివచ్చి అక్క పక్కన నిలబడితే రికార్డు తప్పు. ఇప్పుడు ఇది రాస్తున్నా నా పళ్లు పటపటమంటున్నాయి. ఆ రోజు కూడా అన్నాయి. అయినా బటన్ మూడుసార్లు నొక్కాను. గొడవ పడితే ట్రూపులో నా చోటు పోతుందని భయం. అక్క సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆమెకు ముందుగా ఒక మాట చెప్పడానికి కూడా నోరు రాలేదు.

అక్క ముందుకొచ్చి మైకు పట్టుకుంది. సినిమాలో పిల్లలాగా కాకుండా, నోటికి జానెడు దూరంగా. నేను వాయించడం మొదలుపెట్టాను. రెండు స్వరాలు వినేసరికే అక్క ముఖం మారింది. అయినా పాట ఎత్తుకుంది. పల్లవి మొదటి పాదం చివర గొంతు పగిలింది. ముందు వరసలో ఎవరో నవ్వారు, థియేటర్లో విన్న నవ్వే అది. అక్క నా వైపు తిరగకుండానే ఎడమ చెయ్యి చాపి ఆపమంది. నేను ఆపాను. డ్రమ్ములు కూడా ఆగాయి.

అప్పుడు అక్క వాద్యం లేకుండా తన శ్రుతిలో మళ్లీ మొదటి నుంచి పాడింది. హోటల్లో పాడినట్టే పాడింది. మాట్లాడుకునేవాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు, కానీ పల్లవి రెండోసారి వచ్చేసరికి మా వీధి ఆడవాళ్లు కూర్చున్న వైపు గుసగుసలు ఆగాయి. ఒకామె ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ లేవలేదు. నేను కీబోర్డు మీద చేతులు ఊరికే పెట్టుకుని విన్నాను. మొదటి చరణం అయింది. రెండో చరణం ఎత్తుకునేలోపే పెద్దాయన ఇంకో మైకు తీసుకుని, చప్పట్లు కొట్టండి అని చెప్పి, తర్వాతి పాట పేరు చదివేశాడు. అక్క మైకును దాని స్టాండులో పెట్టి వెనక్కి వచ్చి కోరస్‌లో నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం వేలూరు బస్సులో, దారిలోని పళ్లికొండ దాకా నేను పెద్దాయన్ను తిడుతూనే ఉన్నాను. వాడికి చెవులున్నాయా అన్నాను, ఆ నవ్వినవాళ్లకు సిగ్గుందా అన్నాను. అక్క కిటికీ పక్కన కూర్చుని అంతా వింది.

"ఆయనకు తెలీదు నాయనా" అంది చివరికి. "ఆయన హోటల్లో పాట యినలేదు. నువ్వు పదకొండేండ్లుగా నా పక్కన కూర్చోని యింటా ఉండావు. బటను నొక్కింది నువ్వు."

నా తిట్లు అక్కడితో అయిపోయాయి. వేలూరులో దిగి, కీబోర్డు భుజాన వేసుకుని అక్క వెనకే హోటల్‌కు నడిచాను.

హోటల్లో ఇప్పటికీ నేనే వాయిస్తాను. ఆ బటన్ మీద మాత్రం నేను వేలు పెట్టను. ప్రతి సాయంత్రం మొదటి పాటకు ముందు అక్క నా పక్కకు వచ్చి, మూడుసార్లు తానే నొక్కి, ఒక్క స్వరం వాయించమంటుంది. సరిగ్గా ఉందో లేదో విని చూసుకున్నాకే మైకు దగ్గరికి వెళ్తుంది.