సవతిని వెతుక్కుంటూ ఐరాల దాకా

తిరుపతి దాకా వెళ్లి కొండ ఎక్కకుండా తిరిగొచ్చానంటే మా వీధిలో ఎవరూ నమ్మడం లేదు. "దర్శనం టికెట్లు దొరకలేదా పాపం" అని జాలిపడుతున్నారు. నేను వెళ్లింది దేవుడి కోసం కాదు, సవతి కోసం. మా ఆయన వైమానిక దళంలో మెకానిక్కుగా పనిచేశారు. సర్వీసంతా ఒకే రకం యుద్ధ విమానాలతో గడిచింది. వాటిలోనూ ఒకటంటే ఆయనకు ప్రాణం. పండక్కి ఇంటికి రాలేదేమంటే దానికి బాగాలేదనేవారు. నా చెల్లెలి పెళ్లికి రాలేదేమన్నా అదే జవాబు. కొన్నాళ్లకు నేను దాన్ని సవతి అనడం మొదలుపెట్టాను. ఆయన కోప్పడలేదు సరికదా, "మీ అక్కకు ఇవాళ కొంచెం నయం" అని ఫోనులో చెప్పేవారు.

ఆయన పోయి రెండేళ్లయింది. మాకు పిల్లల్లేరు. ఈలోగా ఆ రకం విమానాలకు కూడా సెలవిచ్చేశారు, కొన్నింటిని కాలేజీల ముందూ పార్కుల్లోనూ అలంకారంగా నిలబెట్టారు. పోయిన నెల ఆయనతో పనిచేసిన మస్తాన్ బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "వదినా, చిత్తూరు దగ్గర ఐరాల దారిలో ఒక కాలేజీలో మన విమానం ఒకటి పెట్టారంట. అన్న చూసుకున్నదో కాదో తెలీదు. నంబరు చెరిపేసి రంగేశారంట" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నంబరు లేకపోయినా దాన్ని పట్టుకునే ఉపాయం నాకు తెలుసు. ఎడమ రెక్క కింద, సరిగ్గా ఒంటికి అతుక్కునే చోట, అరచెయ్యంత అతుకు ఒకటి ఆయన వేశారు. వరసగా ఆరు రివెట్లు, ఆరోది కాస్త పక్కకు జరిగింది. దాని మీద ఆఫీసరు ఏళ్ల తరబడి ఆయన్ను ఆటపట్టించాడట. ఆ ఆరు చుక్కలూ నా అరచేతిలో వేలితో పెట్టి చూపించేవారు, చివరిది పెట్టేటప్పుడు కావాలనే చక్కిలిగిలి పెట్టేవారు. ఎన్ని పూతలు రంగేసినా చేత్తో తడిమితే తెలుస్తుందనేవారు. ఆయన చేతి గుర్తు ఈ భూమ్మీద ఇంకెక్కడైనా మిగిలి ఉంటే అది అక్కడే.

కడపలో తెల్లవారుజామున ఐదింటి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా రూపాయల కాగితం చేతిలో పెడతారు. కార్డు మరిచిపోతే మాత్రం కండక్టరుకు మీ వయసుతో, కన్నీళ్లతో పని లేదు. రాజంపేట, కోడూరు దాటి, మామండూరు అడవిలోంచి వెళ్లి ఎనిమిదిన్నరకు తిరుపతిలో దిగాను. ఎండాకాలం పోయే రోజులే అయినా అప్పటికే చెమట్లు. బస్టాండు ఎదుట హోటల్లో కుర్చీ లాక్కునేలోపే "ఎంతమంది మా?" అని అడిగాడు సర్వరు. ఒక్కదాన్నే అన్నాను. "అయితే ఆ మూల కూర్చోండి మా, ఈ టేబులు నలుగురిది" అన్నాడు. తప్పేం లేదు, వాడి వ్యాపారం వాడిది. రెండు ఇడ్లీలు, వడ, కాఫీ కలిపి తొంభై రూపాయలయ్యాయి. ఆయనుంటే వడ మీద చట్నీ పోసినందుకు ఒక గొడవ, కాఫీ చల్లారినందుకు ఇంకో గొడవ అయ్యేవి. ఆ మూల కూర్చుని నిశ్శబ్దంగా తిన్నాను.

చిత్తూరు బస్సులు పావుగంటకొకటి ఉంటాయి. నాన్‌స్టాప్ ఎక్కితే టికెట్టు కొనాలి, త్వరగా వెళుతుంది. నాకు తొందరేం లేదు కాబట్టి ఆగుతూ వెళ్లేది ఎక్కాను. చంద్రగిరి కోట కొండ కనబడేసరికి నా ముందు సీట్లో ఇద్దరు మగవాళ్లు పేపరు మధ్యలో పరుచుకుని వాదనకు దిగారు. కొత్త యుద్ధ విమానాలు కొంటున్నారన్న వార్త అది. ఒకాయన మామిడి రైతు, కాళ్ల దగ్గర కాయల సంచి ఉంది. రెండో ఆయన తెల్లచొక్కా, ఏదో ఆఫీసులో రిటైరైనట్టున్నారు.

"ఒక్కో ఇమానం ఎన్ని వందల కోట్లో సూడప్పా. మా తోతాపురి కాయకు కిలోకి ఇంకో నాలుగు రూపాయలు ఎక్కువ ఇయ్యండి సామీ అంటే మాత్రం దుడ్లు లేవంటారు" అన్నాడు రైతు.

"అట్లని బోర్డర్లో సిపాయిలను కట్టె పట్టుకోని నిలబడమంటావా?" అన్నాడు తెల్లచొక్కా.

"నేనట్లన్నానా? ఒకాయన వచ్చి కొంటానంటాడు. ఇంకొకాయన వచ్చి దాంట్లో తినేసినారంటాడు. విచారణంటారు, కోర్టంటారు. ఆ పంచాయితీ తెగేలోపల దాని రేటు రెండింతలు అయిపోతాది. అప్పుడు మళ్లా మొదట్నుంచీ. ఆ లెక్క ఎవురు కట్టాల? నువ్వూ నేనే కదబ్బా!"

నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ నోరు ఊరుకోలేదు. "ఆ పంచాయితీ తెగేదాకా పాతవే ఎగరాలి కదన్నా" అన్నాను వెనక నుంచి.

ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. చెప్పాను. మా ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కొత్త విమానాలు వస్తున్నాయన్నారు. అవి వస్తే సెలవులు దొరుకుతాయని మేం కొడైకెనాల్ వెళ్లాలనుకున్నాం. ప్రభుత్వం మారింది, రాలేదు. మళ్లీ వస్తాయన్నారు, ధర దగ్గర ఆగిపోయింది. ఆ పాతవాటికి సామాను తయారుచేసే దేశంలోనే ఆ సామాను చేయడం మానేశారు. ఇక ఒకదాన్ని ఎగరేయడానికి ఇంకోదాన్నుంచి ఊడబీకి బిగించడమే పని. రాత్రి బిగించి, తెల్లారి ఎగరేసి, అది దిగేదాకా మా ఆయన అన్నం ముట్టేవారు కాదు. ఒకసారి పొద్దున బయల్దేరిన విమానం ఒకటి దిగలేదు. నడిపిన పైలట్‌కు ఇరవై ఆరేళ్లు. అప్పట్లో నేనూ ఆయనతో క్వార్టర్స్‌లోనే ఉండేదాన్ని, ఆ పిల్లవాడు నా దగ్గరికొచ్చి ఊరగాయ అడిగి పట్టుకెళ్లేవాడు. కారణమేమిటో పెద్దవాళ్లు తేల్చుకున్నారు గాని మాకెవరూ చెప్పలేదు. మా ఆయన మళ్లీ మామూలు మనిషి కావడానికి చాలా కాలం పట్టింది.

బస్సులో ఇదంతా చెప్పి ఉండాల్సింది కాదేమో. రైతు పూతలపట్టులో దిగే ముందు సంచిలోంచి రెండు కాయలు తీసి నా ఒళ్లో పెట్టాడు. "ఎట్లాగూ ధర లేదులే మా, ఊరికే తీసుకోండి" అన్నాడు. ఈ మాట ఎవరికైనా చెప్పి నవ్వాలనిపించి పక్కకు తిరిగాను. పక్క సీట్లో నా చేతిసంచి ఉంది.

చిత్తూరు బస్టాండులో కాణిపాకం బస్సు కోసం చూడాల్సిన అవసరమే లేదు, మనల్ని చూసి వాళ్లే పిలుస్తారు. అరగంట ప్రయాణం. కాణిపాకంలో గుడి దగ్గర ఆటోలు ఉంటాయి. అక్కడ దొరికిన ఆటో డ్రైవరు పేరు వేలు, నలభై ఏళ్ల మనిషి, తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగిస్తాడు. "ఎంతమంది మా?" అన్నాడు అతనూ. ఐరాల దారిలో కాలేజీకి తీసుకెళ్లి, ఆగి, తిరిగి తీసుకురావడానికి ఐదువందలకు ఒప్పుకున్నాడు. "కాలేజీ లీవు కదా మా ఈపొద్దు. అడ్మిషనా?" అన్నాడు. ఈ వయసులో నాకు అడ్మిషనేమిటి నాయనా అంటే తనే నవ్వాడు.

గేటు దాటగానే కనబడింది. సిమెంటు దిమ్మె మీద ముక్కు పైకెత్తి, చక్రాలు లోపలికి ముడుచుకుని, ఎగిరిపోతున్నట్టే బిగించారు. ఒళ్లంతా వెండిరంగు. తోక మీద నంబరు ఉండాల్సిన చోట కాలేజీ కౌన్సెలింగ్ కోడు రాశారు. ఇంజను తీసేసిన కన్నానికి పావురాలు దూరకుండా వల కొట్టారు. ఇంతకాలం నేను కుళ్లుకున్నది దీన్ని చూసేనా అనిపించింది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. అంత చిన్నదనుకోలేదు.

నా సంచిలో ఆయన ఎర్ర రిబ్బను ఉంది. విమానం నేల మీద ఉన్నంతసేపూ దాని ఒంట్లో అక్కడక్కడా పిన్నులు గుచ్చి ఉంచుతారు, ఏదీ పొరపాటున కదలకుండా. ఒక్కోదానికీ పొడుగాటి ఎర్ర రిబ్బను వేలాడుతుంది. ఎగిరే ముందు మెకానిక్కు అన్నీ లాగేసి, ముందుకొచ్చి నిలబడి, ఆ రిబ్బన్లు పైలట్‌కు కనబడేలా చెయ్యెత్తి చూపించాలి. అన్నీ తీసేశాను, ఇక నువ్వు వెళ్లొచ్చు అని దాని అర్థం. రిటైరైనప్పుడు తోటివాళ్లు వెలిసిపోయిన రిబ్బనొకటి ఆయనకు ఇచ్చారు. అది మా ఇంట్లో తాళంచెవుల మేకుకు వేలాడేది. విమానం మనదే అయితే దానికి కట్టేసి రావాలని తెచ్చాను. ఎటూ వెళ్లనిదానికి రిబ్బను ఉండాలి కదా.

వాచ్‌మన్ మునెప్పను నిచ్చెన అడిగితే మొదట ఒప్పుకోలేదు. "నిచ్చెన ఎక్కి మీరు కిందపడితే నన్ను ఇంటికి పంపుతారు మా. ఈడ ఫోటో దిగేదానికే పర్మిషను" అన్నాడు.

"ఫోటో వద్దప్పా. మా ఆయన దీనికి అతుకేసినాడు. అది ఉందో లేదో చేత్తో చూసుకుంటా."

"మీ ఆయన యాడ?"

"లేడు."

మునెప్ప వెళ్లి, జెండా కట్టే నిచ్చెన తెచ్చి రెక్క కింద ఆనించాడు. వేలు ఒకవైపు, అతను ఒకవైపు పట్టుకున్నారు. చీర కుచ్చిళ్లు దోపుకుని ఐదు మెట్లు ఎక్కి చెయ్యి పెట్టాను. మధ్యాహ్నం ఎండకు రేకు పెనంలా ఉంది. కొంగు చుట్టుకుంటే చేతికి ఏమీ తెలియడం లేదు. అందుకని కొంగు తీసేసి, కాలినా సరే అని తడిమాను. వేళ్లకు ఒక అంచు తగిలింది. అతుకు! ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరోది కూడా సరిగ్గా వరసలోనే ఉంది. కింది వరస తడిమాను, పక్క వరస తడిమాను. గీత గీసినట్టు ఉన్నాయి. ఇంకో అతుకు దొరుకుతుందేమోనని చెయ్యి అందినంత మేరా వెతికాను. మరొకటి లేదు.

"ఉండాదా మా?" అన్నాడు కింద నుంచి మునెప్ప.

"ఇది మాది కాదప్పా" అన్నాను. "ఇది వేసినాయన మా ఆయనకంటే మంచి పనోడు."

నిచ్చెన మీదే కాసేపు, కొంగు మడిచి అడ్డుపెట్టి, ఆ అతుకు మీద తల ఆనించాను. దీని కోసమూ ఎవరో ఒకాయన అన్నం మానేసి ఉంటాడు. ఆయన భార్య కూడా పెళ్లిళ్లకు ఒక్కతే వెళ్లి ఉంటుంది. ఆమె ఎక్కడుందో, ఆయన బతికే ఉన్నాడో లేదో. ఆమెకు ఫోన్ చేసి, "మీ సవతి ఇక్కడ క్షేమంగా ఉంది" అని చెప్పాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఎవరికి చెయ్యాలో తెలియదు.

దిగాక మునెప్ప బోరింగు కొట్టి అరచేతి మీద నీళ్లు పోశాడు. మామిడికాయలు రెండూ వాళ్లిద్దరికీ ఇచ్చాను. వేలు ఆటో తిప్పుతానన్నాడు. నేను గేటు వైపు నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. ముక్కు పైకెత్తి, ఎవరో చెబితే వెళ్లిపోదామన్నట్టు ఉంది. దానికి రిబ్బను కట్టాలనుకోవడం ఎంత తప్పో అప్పుడు తెలిసింది. మా ఆయనే ఉంటే తిట్టేవారు. ఎగిరేదానికి ఎవరైనా పిన్ను గుచ్చుతారా? ముందుకెళ్లి నిలబడ్డాను. సంచిలోంచి రిబ్బను తీసి, లోపల కూర్చునే ఆ ఇరవై ఆరేళ్ల పిల్లవాడికి కనబడేంత ఎత్తుగా చెయ్యెత్తి పట్టుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా దించలేదు.

"ఎవురికి మా చూపిస్తా ఉండారు?" అన్నాడు వేలు. "వెళ్లిరమ్మని చెప్పేదానికిలే" అన్నాను.

చిత్తూరు, తిరుపతి మీదుగా మళ్లీ అవే బస్సుల్లో చీకటిపడ్డాక ఇల్లు చేరాను. రిబ్బను మేకుకు తగిలించాను. కొత్త విమానాలు కొనాలా వద్దా, ఎంతకు కొనాలి అన్నది నాకు తెలిసిన విషయం కాదు. ఆ మామిడి రైతు అడిగిందీ న్యాయమే, తెల్లచొక్కా ఆయన అన్నదీ న్యాయమే. కొంటే కొనండి, మానితే మానండి, ఏదో ఒకటి మాత్రం తొందరగా తేల్చండి బాబూ అని అడగాలని ఉంది. మీరు వాదించుకునే ఏళ్లన్నీ ఎవరో ఒకరి ఇంట్లోంచి పోతాయి. మా ఇంట్లోంచి పోయినవి పోయాయి. మేం కొడైకెనాల్ వెళ్లలేదు.

అలా నిలబెట్టిన పాత విమానాన్ని చూడాలనుకునేవాళ్లకు ఒకే మాట. పొద్దున తొమ్మిదిలోపే వెళ్లండి. ఊరికే చూడాలంటే ఎప్పుడైనా ఫరవాలేదు. చేత్తో తాకాలనుకుంటే మాత్రం మధ్యాహ్నం రేకు బాగా కాలుతుంది.