ఐదు కుక్కలు మమ్మల్ని కొండ దింపిన రోజు

మా పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో దయ్యాల కబుర్లకు కొదవ లేదు. నాకు మాత్రం అవంటే నవ్వు. ఫలానా చోట ఎవరో కనబడ్డారని చెప్పినవాళ్ళను, ఆ పూట ఏం తాగారని మొహం మీదే అడిగే మనిషిని. మా ఆయన రోజుల తరబడి చేపల వేటకు వెళ్తే ఒంటరిగా ఇల్లు కాచుకున్నదాన్ని. భయపడేదాన్నయితే ఎప్పుడో పోయేదాన్ని. ఇది చదివి నన్నూ అదే మాట అడగాలనిపిస్తే అడగండి, ఏమీ అనుకోను. ఆ రోజు నేను టీ తప్ప ఏమీ తాగలేదు.

నా పేరు నరసమ్మ. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని అండమాన్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టింది, చదివింది, పెళ్ళాడింది అంతా ఇక్కడే. గరాచర్మ ఊరు దాటి చాలా దూరం పోతే, సముద్రం ఒడ్డున ఒక కొండ మొదట్లో స్నానాల విడిది ఉంది. నూనె మర్దన, ఆవిరి స్నానం, ఒంటికి మట్టి పూత. అక్కడ నేను మర్దన చేసేదాన్ని.

వచ్చేవాళ్ళలో సగం మంది బదిలీ మీద దీవులకు వచ్చిన ఆఫీసర్ల కుటుంబాలు. ఓడలో కుక్కల్ని కూడా తెచ్చుకుంటారు. వీళ్ళు లోపల హాయిగా పడుకుంటే బయట గొలుసులకు కట్టేసిన ఆ కుక్కలు ఏడుస్తూ ఉండేవి. చూడలేక ఒకరోజు విడిది నడిపే మేడంతో నేనే అన్నాను, కొండ మీదికి కుక్కలతో నడిచే దారి ఒకటి వేద్దామని.

మేడం ముందు నవ్వింది. నేను వదల్లేదు. ఫారెస్టు వాళ్ళ పర్మిషన్ కోసం ఆఫీసు చుట్టూ నేనే తిరిగాను. చివరికి ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. మొదటి ఆదివారం మనుషులు, కుక్కలు అందరూ క్షేమంగా దిగితే దారి ఉంటుంది. ఒక్కరికి ఏమైనా దారి మూత, నేను మళ్ళీ నూనె గిన్నె దగ్గరికి. నలభై రెండేళ్ళకు మొదటిసారి నాదంటూ ఒక పని దొరికింది. అది పోతుందేమోనన్న ఆలోచనకే నాకు నిద్ర పట్టేది కాదు.

మా ఆయన, నేను, మా నల్లకుక్క కాలూ కలిసి మూడు రోజులు దారి కొట్టాం. పడవకు వేయగా మిగిలిన నీలం రంగుతో చెట్ల మొదళ్ళకు అరచేతి వెడల్పున గుర్తులు పెట్టాం. ఎక్కి చూశాం, దిగి చూశాం. అంతా బాగుంది.

ఆ ఆదివారం నా వెంట తొమ్మిది మంది. వాళ్ళ కుక్కలు నాలుగు, మా కాలూతో కలిపి ఐదు. జలగల కోసం ఉప్పు, పొగాకు పొడి గుడ్డలో మూట కట్టి తలా ఒకటి ఇచ్చాను. ఆగిన ప్రతిచోటా కుక్కల కాళ్ళ వేళ్ళ సందులు చూశాం. ఒంటిగంటకల్లా పైకి చేరాం. పులిహోర తిన్నాం. కిందకు చూస్తే సముద్రం, మా విడిది రేకుల కప్పు. గర్వంతో నా కాళ్ళు నేల మీద లేవు.

దిగడం మొదలుపెట్టగానే వాన పట్టుకుంది. మబ్బు కొండను కప్పేసింది. పది అడుగుల అవతల ఏమీ కనబడదు. అయినా గుర్తులున్నాయి కదా అని ధైర్యంగా ముందు నడిచాను. ఒక చెట్టు చూశాను, రంగు లేదు. ఇంకో చెట్టు, లేదు. అరగంట నడిచాక గానీ చేసిన తప్పేమిటో నాకు వెలగలేదు.

మేం వేటగాళ్ళం. మాకు కొండ అంటే పడవలోంచి కనబడేది. ఒడ్డున ఫలానా రాయి, దాని వెనక కొండ మీద ఫలానా చెట్టు ఒకే వరసలోకి వస్తే అక్కడ వల వేయాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. మా లెక్కలో కొండకు ముఖం సముద్రం వైపే. అందుకే ఆలోచించకుండా గుర్తులన్నీ చెట్లకు సముద్రం వైపే పూశాం. ఎక్కేవాళ్ళకు ప్రతిదీ ఎదురుగా కనబడుతుంది. దిగేవాళ్ళకు ఒక్కటీ కనబడదు. మేం దిగి చూసిన రోజుల్లో ఎండ ఉంది, కళ్ళముందు సముద్రం ఉంది, గుర్తుల కోసం వెతికే పని పడలేదు.

వెనక్కి తిరిగి చెట్ల అవతలి పక్క చూశాను. అక్కడా రంగు లేదు. దారి ఎప్పుడో వదిలేశాం. ఫోనుకు సిగ్నల్ లేదు. అప్పటికి మూడున్నర. మా దీవుల్లో ఐదు దాటితే చీకటే. తొమ్మిది మంది నా మొహంలోకి చూస్తున్నారు. భయపడలేదని చెబితే అబద్ధం.

అప్పుడు కాలూ ఆగింది. ముక్కు పైకెత్తి తోక ఊపింది. వెంటనే మిగతా నాలుగూ అలాగే చేశాయి. అన్నీ ఒకే దిక్కుకు, మేం వెళ్తున్న వైపుకు కాదు, ఎడమ పక్క దట్టమైన పొదల వైపుకు లాగడం మొదలుపెట్టాయి.

అంతలో నాకు వాసన వచ్చింది. చుట్ట వాసన. భ్రమేమో అనుకున్నాను. నా వెనక ఒక పంజాబీ ఆవిడ ఉంది, ఆఫీసరు భార్య. ఆవిడకు పొగ పడదు. చిరాకుగా, “ఇత్నీ బారిష్ మే సిగార్ కౌన్ పీ రహా హై?” అంది. ఇంత వానలో చుట్ట తాగేదెవరని. మాలో ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. తాగినా ఆ వానలో అగ్గిపుల్ల కూడా వెలగదు.

వానలో ఆరని చుట్ట నాకు ఒక్కటే తెలుసు. మా వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగేవాళ్ళు, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. గాలి వీచినా వాన కురిసినా అది ఆరదు. మా మామ్మ అలాగే తాగేది. నాకు ఏడేళ్ళప్పుడు పోయింది. ఆవిడ నెత్తిన గంపతో చేపలమ్మేదని తెలుసు గానీ, ఏ ఊళ్ళు తిరిగేదో నాకు తెలియదు.

అప్పుడు నేను మామ్మ గురించి ఎవరికీ చెప్పలేదు. గొలుసులు వదలకుండా కుక్కలు లాగిన వైపే నడవమని అందరికీ చెప్పాను. ముందు నడుస్తున్నదాన్ని పక్కకు తప్పుకుని కాలూని ముందు వదిలాను.

పొద్దున్నంతా ఒకదాని మీద ఒకటి మొరిగిన కుక్కలవి. ఇప్పుడు చప్పుడు లేకుండా ఒకదాని వెనక ఒకటి వరసగా నడిచాయి. ఒక్కటీ నేల వాసన చూడలేదు. ముక్కులు పైకే ఉన్నాయి, మనిషి నడుం ఎత్తున చూస్తున్నట్టు. వాగు దగ్గర ఐదూ ఒకేసారి ఆగి, కాస్త పక్కకు జరిగి, రాళ్ళున్న చోటే దాటాయి. కొంత దూరం పోయాక ఒక బల్లపరుపు రాయి వచ్చింది. దాని చుట్టూ కూర్చున్నాయి. రాయి మీదికి చూస్తూ తోకలాడించాయి. మేం లాగినా లేవలేదు. నిమిషమో రెండు నిమిషాలో అయ్యాక వాటంతటవే లేచి నడిచాయి. చుట్ట వాసన పోతోంది, వస్తోంది.

నాలుగున్నరకు వక్క తోటలోకి వచ్చిపడ్డాం. కింద ఇళ్ళు. బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు అప్పట్లో సర్కారు భూములిచ్చి కూర్చోబెట్టిన ఊరు. తోటలో గొడుగేసుకుని ఒక బెంగాలీ ముసలావిడ మమ్మల్ని నోరు తెరుచుకుని చూస్తోంది.

“యే తో మచ్లీవాలీ కా రాస్తా హై,” అంది. “ఆప్‌కో కిస్‌నే బతాయా?”

ఇది చేపలమ్మి దారి, మీకెవరు చూపించారని. తన చిన్నప్పుడు రోడ్డు లేదట. ఒక తెలుగు మనిషి నెత్తిన గంపతో ఈ కొండ మీదుగానే చేపలు తెచ్చేదట. చేతిలో బీడీ ఉండదు, నోట్లోంచి మాత్రం పొగ వచ్చేదని, నిప్పు తినే మనిషని పిల్లలు జడుసుకునేవాళ్ళట. పైన బల్లపరుపు రాయి మీద గంప దించుకుని కాసేపు కూర్చునేదట. నీళ్ళు కారే గంప వెనక ఊరి కుక్కలన్నీ వరసగా వచ్చేవట. బస్సు పడ్డాక ఆ దారిలో ఎవరూ నడవలేదంది. రాయి సంగతి మేం ఆవిడకు చెప్పలేదు. ఆవిడే చెప్పింది.

నేను ఆ తోటలోనే కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. తొమ్మిది మందిని, ఐదు కుక్కల్ని వెలుగు ఉండగానే దింపాను. ఒక్క గీత పడలేదు. ఊళ్ళోంచి ఫోను చేస్తే మేడం జీపు పంపింది. తిట్లకు సిద్ధపడి విడిది దగ్గర దిగాను. పంజాబీ ఆవిడ నాకంటే ముందే మేడం దగ్గరకెళ్ళి, వచ్చే ఆదివారానికి పేరు రాసుకోమంది.

రాత్రి మా ఆయనకు అంతా చెప్పాను. “రంగు అటుపక్కన కూడా ఏసుంటే, ముసల్దానికి ఇంత కష్టం ఉండకపోను గదేటే,” అన్నాడు.

ఇప్పుడు చెట్లకు రెండు వైపులా రంగుంది. నేను మర్దన మానేసి ఐదేళ్ళయింది. ఎక్కడం విడిది వైపు నుంచి, దిగడం చేపలమ్మి దారిలో. ఫారెస్టు వాళ్ళు బోర్డు కూడా పెట్టారు. పోర్ట్ బ్లెయిర్‌లో కుక్క ఉన్న ప్రతి ఇంటికీ నా నంబరు తెలుసు. కాస్త గొప్పలు పోతున్నానని తెలుసు, పోనివ్వండి.

ఊళ్ళో వంటల వాసనకు కుక్కలు లాగి ఉంటాయని ఒకాయన అన్నాడు. ఆ రోజు గాలి మా వెనక నుంచి వీచింది. తర్వాత అవే కుక్కల్ని అదే చోటికి తీసుకెళ్ళి వదిలాను, వానలో కూడా. నా మొహం చూస్తూ నిలబడ్డాయి తప్ప అటు కదల్లేదు. చుట్ట వాసన మళ్ళీ ఎప్పుడూ రాలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను.

కానీ దిగేటప్పుడు మాత్రం నేను ముందు నడవను. ఇంకెవరినీ నడవనివ్వను. ఒక మనిషి పట్టేంత చోటు ముందు వదిలి, దాని వెనక నుంచే మా వరస మొదలవుతుంది.