అవ్వ ఎత్తని పెసరుకాయ

కొత్త తారు వాసన తగిలితే చాలు, నా ముక్కు దానికి ఎండు పెసరుకాయ వాసనను తనంతట తానే కలుపుకుంటుంది.

నా చిన్నప్పుడు, భాద్రపదంలో వానలు తెరిపిచ్చిన నాలుగు రోజుల్లో, చేలల్లో బురద మోకాలి లోతుండి కల్లానికి జాగా లేక, జహీరాబాద్ పక్కనున్న మా ఊరు ఊరంతా పెసరుకాయ గంపలతో బొంబాయి సడకెక్కేది. మైలురాయి ముందరి జాగా మా అవ్వది, అంటే నాయన తల్లిది. పిల్లలం చింతచెట్ల కింద జొన్నరొట్టెలో పచ్చికారం నంజుకుంటూ లారీల కోసం చూసేవాళ్లం. అవి తొక్కితే కాయలు పటపటమని పగిలేవి, మేం ఊడ్చి చెరిగేవాళ్లం. తాము మా పాలేళ్లమన్న సంగతి డ్రైవర్లకు తెలియదు.

నిజాం రాజ్యం కూలిన ఏడు షోలాపూర్ నుంచి ఇండియా ఫౌజు ఆ దారినే వస్తే, ఊరంతా జొన్నచేలల్లో దాక్కున్నా అవ్వ మాత్రం కాయ ఎత్తలేదట. టాంకులు కాయ కొట్టడమే కాక పప్పు కూడా చేసిపెట్టి పోయాయట. బళ్లో మన ప్రాంత చరిత్ర రాయమంటే ఇదే రాశాను. సారు ఎర్రసిరాతో కొట్టేసి, "ఇది చరిత్ర కాదే, పెసరపప్పు" అన్నారు.

అవ్వతో చెప్పాను. "గా పొద్దు మీ సారు యాడున్నడో అడుగు" అంది. ఆయన చేతిలో బెత్తం ఉండడం వల్ల అడగలేదు.

ఆ వారమే సడకు సాహెబు, అంటే రోడ్ల శాఖ ఇంజనీరు, జీపులో వచ్చాడు. పడమట మబ్బు పడుతోంది. తడిస్తే మొలకలొచ్చి ఇంటిల్లిపాది ఏడాది పప్పు పోతుంది. జీపును చూసి అందరూ ఎత్తేశారు. అవ్వ మైలురాయి మీద కూర్చుంది.

"గిది సర్కారు సడక్, ముసలమ్మా! ఎత్తుతవా, తొక్కియ్యాల్నా?"

"టాంకులొచ్చిననాడే ఎత్తలే సారూ. నీ జీపుకు ఎత్తుతనా?"

సాహెబు పట్నంలో పుట్టినవాడు కాబోలు, తొక్కించడం శిక్షే అనుకుని డ్రైవరుకు సైగ చేశాడు. జీపు కాయల మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. అవ్వ లేచి నిలబడి చెయ్యి ఊపింది.

"సారూ, జర ఎన్కకు రా! గీ అంచుకు చక్రం పడలే!"

వాన వచ్చేసరికి పెసలు ఇంట్లో ఉన్నాయి. ఎర్రసిరా కింద మళ్లీ మొత్తం రాశాను, జీపుతో సహా. సారు మళ్లీ కొట్టేశారు. నేను మళ్లీ రాశాను.

ఇప్పుడక్కడ చింతచెట్లు లేవు, మైలురాయి లేదు, అవ్వ లేదు. పచ్చబోర్డులు ముంబై ఎంత దూరమో చెబుతాయి, నడుమ ఏముండేదో చెప్పవు. మొన్న భాద్రపదంలో కారు ఆపి, రోడ్డంచున నాలుగు దోసిళ్ల పెసరుకాయ పరిచి కూర్చున్నాను. హైవే గస్తీ యూనిఫారంలో ఉన్న కుర్రవాడు ఈల వేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఎత్తున్రి అమ్మా, లారీలొస్తున్నయ్!"

"రానీ బిడ్డా. గందుకే పరిచిన."