కావేరి వెనక్కి తిరిగింది

అది 2023. మదనపల్లెలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకుని అప్పటికి చాలా ఏళ్లయింది. చర్చి వెనక సందులో రెండు గదులు, మూడు మంచాలు, గోడకు కట్టిన రబ్బరు బ్యాండ్లు. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా నడుము పట్టేసిన టమోటా మండీ హమాలీలు, మోకాళ్లు అరిగిన అమ్మలు, బైకు మీంచి పడ్డ కుర్రాళ్లు. బ్యాడ్మింటన్ ఆడి బతికే మనిషి రావడం అదే మొదలు.

ఆమె పేరు హేమ. పుంగనూరు పిల్ల. ఒక కంపెనీ జట్టు తరఫున డబుల్స్ ఆడేది. మ్యాచ్ మధ్యలో ఎగిరి కొట్టి దిగేటప్పుడు ఎడమ మోకాలు మెలిక తిరిగి ఏసీఎల్ తెగింది. మోకాలి లోపల తొడ ఎముకనూ కింది ఎముకనూ పట్టి ఉంచే తాడులాంటి కట్టు అది. బెంగళూరులో ఆపరేషన్ అయ్యాక, ఆమెను మళ్లీ ఆటకు సిద్ధం చేసే పని నాకు వచ్చింది.

ఆమెతో పాటు ప్రతిసారీ కావేరి అని ఇంకో అమ్మాయి వచ్చేది. కుప్పం పిల్ల, డబుల్స్‌లో హేమకు జోడీ. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ కలిసే ఆడారు. కుప్పంలో పొద్దున్నే బస్సెక్కి, పక్క సీటు మీద టవలు పరిచి, పుంగనూరులో హేమ ఎక్కేదాకా ఆ సీటు ఎవరికీ ఇచ్చేది కాదట. ఎవరైనా కూర్చోబోతే పోట్లాడేదట కూడా. క్లినిక్‌కి వచ్చాక మాత్రం గది బయట బెంచీ మీదే ఉండిపోయేది. "లోపలికి రామ్మా" అంటే, "పర్లేదు మేడమ్, ఈడే ఉంటా" అనేది. సిగ్గేమోలే అనుకున్నాను.

హేమ ఒట్టి మొండిది. పది చెయ్యమంటే పదిహేను చేసేది, తిడితే నవ్వేది. అలాంటి పేషెంటు మీద నాకు కోపం నిలవదు. నెలలు గడిచాక హాప్ టెస్ట్ పెట్టాను. ఒంటికాలి మీద గెంతించి, రెండు కాళ్లూ ఎంతెంత దూరం పోతున్నాయో పోల్చి చూసే పరీక్ష అది. రెండూ సమానంగా వచ్చాయి. సంబరం పట్టలేక "ఇంక ఎగురు తల్లీ!" అన్నాను.

ఎగరలేదు. ఎగిరి కొట్టాల్సిన ప్రతి షటిల్‌నీ నిలబడే మెల్లగా కొడుతోందని వాళ్ల కోచ్ ఫోన్ చేశాడు. కంపెనీ వాళ్లు వచ్చే నెల ఒక మ్యాచ్ ఆడించి చూస్తారని, హేమ ఇలాగే ఆడితే కావేరికి వేరే జోడీని ఇచ్చేస్తారని కూడా చెప్పాడు.

"నొప్పిగా ఉందా?" అని హేమను అడిగాను.

"నొప్పి లేదు మేడమ్. ఎగరాలనే పోతాండా. తీరా ఆడికి పోయినాక కాలు లేయడం లేదు. ఎందుకో తెలీలేదు." మోకాలు నిమురుకుంటూ, "కావేరి ఎనకాల ఇంకెవురో ఆడతాంటే నేను సూడలేను మేడమ్" అని, మొదటిసారి నా ముందు ఏడ్చింది. నాకు చాలా కష్టమనిపించింది. కాలు బాగు చేశానని మురిసిపోయిన దాన్ని కదా.

ఆ ఆదివారం చర్చి అయ్యాక, కట్టిన చీరతోనే వాళ్లు సాధన చేసే హాలుకు వెళ్లాను. కోర్టు చివర, వాళ్ల వెనక కుర్చీ వేసుకుని ఫోన్‌లో వీడియో తీశాను. డబుల్స్‌లో దాడి చేసేటప్పుడు ఒకరు ముందు నెట్ దగ్గర, ఒకరు వెనక ఉంటారు. వెనక నుంచి హేమ కొడితే, తిరిగొచ్చిన దాన్ని ముందున్న కావేరి అందుకోవాలి. ముందున్నవాళ్లు వెనక్కి తిరగకూడదు. పిల్లలకు మొదట్లోనే నేర్పే సంగతి అది. తిరిగారంటే వెనక నుంచి కొట్టిన షటిల్ వచ్చి కంటికే తగలొచ్చు.

మరునాడు కాఫీ తాగుతూ వీడియో చూశాను. మోకాలిలో ఏ తప్పూ లేదు. ఇంకోసారి చూస్తుంటే తట్టింది. నేను కూర్చున్నది వాళ్ల వెనక. ముందు నిలబడ్డ కావేరి వీపు కదా నాకు కనిపించాలి? ఫోన్ నిండా ఆ పిల్ల ముఖమే. హేమ ఎగరబోయిన ప్రతిసారీ బెదిరిపోయిన ఆ ముఖం ఇటు తిరుగుతోంది.

తర్వాత వచ్చిన రోజు కావేరిని చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కొచ్చాను.

"ఆటలో వెనక్కి ఎందుకు తిరుగుతున్నావు?"

"నేనా? నేను తిరగలా మేడమ్!"

వీడియో చూపించాను. వెనక్కి జరిపి ఇంకోసారి చూసుకుంది.

"ఆ దినం ఎనకాల పడిన సప్పుడు ఇన్న్యాను మేడమ్. తిరగకూడదు గదా అని తిరగలా. ఇంకా రెండు షాట్లు ఆడి, పాయింటు గెలిసి, చెయ్యి తడదామని తిరిగితే హేమ కింద పడుండాది. అది ఆడ పడుంటే నేను ఆడతానే ఉండాను మేడమ్."

హేమ మంచం మీద లేచి కూర్చుంది. "ఇదా నీ బాధ? నువ్వు తిరిగింటే ఆ పాయింటు పోయిండేది గదమ్మే! నేను పడిండేది కూడా వేస్టయిండేది" అంది. కావేరికి ఏడుపులోనే నవ్వొచ్చింది. హేమ గొంతు తగ్గించింది. "ఎగరబోతే నీ మొగమే కనపడతాది కావేరీ. అది సూస్తే నాకు మళ్లా ఏదో అయిపోయినట్టే ఉంటాది."

కట్టు తెగింది ఒకరికి, భయం పట్టుకుంది ఇద్దరికీ. ఆ రోజు నుంచి కావేరి కూడా నా పేషెంటే. హేమ గుంజీలు తీస్తుంటే ఆ మోకాలి మీద కావేరి అరచెయ్యి పెట్టించాను. లోపల కండ ఎంత గట్టిగా పట్టి ఉందో చేత్తో తెలుసుకోమన్నాను. తర్వాత కావేరిని గోడకేసి నిలబెట్టి, వెనక హేమను గెంతించాను. తిరగకుండా ఆ పిల్ల నిలవలేకపోయేది.

ఉపాయం హేమదే. మా వైపు ఎవరైనా వాకిట్లోంచి "ఉండావా?" అని పిలిస్తే, లోపలి నుంచి "ఉండా" అని పలుకుతాం. కాలు నేల మీద ఆనగానే హేమ ఆ మాట అనడం మొదలుపెట్టింది. ధన్‌మని దిగడం, "ఉండా" అనడం. కావేరి గోడవైపే చూస్తూ తల ఊపేది. వారం తిరిగేసరికి కోర్టులోనూ అదే పాట.

కంపెనీ వాళ్ల మ్యాచ్ రోజు నేను మళ్లీ అదే చోట కూర్చుని ఫోన్ పట్టుకున్నాను. హేమ ఎగిరినప్పుడల్లా "ఉండా" వినపడుతోంది, కావేరి ముందుకే చూస్తోంది. చివరి గేమ్‌లో ఒక పొడుగాటి పాయింటు మధ్య హేమ ఎగిరి, కొట్టి, దిగింది. మాట రాలేదు. ఆయాసంతో నోరు పెగల్లేదు పాపం. ఫోన్ పట్టుకునే కుర్చీలోంచి లేచాను. కావేరి తిరగలేదు. వచ్చిన షటిల్‌ని నెట్ మీదుగా అలా కిందికి వదిలింది.

గెలిచారు. జోడీని విడదీసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. మొదటి నుంచి చివరి దాకా కావేరి వీపే. నాకు అంతకంటే ముద్దొచ్చేది ఇంకోటి లేదు.

ఈ మధ్య గంగవరం నుంచి తుంటి విరిగిన ఒక పెద్దాయన వచ్చాడు. గట్టు దిగుతూ జారాడట. వివరాలు రాసుకుంటూ, ఇప్పుడు నేను అందరినీ అడిగే మాటే ఆయన్నీ అడిగాను. "పడినప్పుడు పక్కన ఎవరున్నారు?"

ఆయన జవాబు చెప్పేలోపే, వాకిలి దగ్గర నిలబడ్డ ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకీ లోపల ఒక కుర్చీ వేశాను.