నాకెవరూ పోటీ రాని వేలం

మా ఇంటి హాల్లో సోఫాకు ఎదురుగా ఉన్న గోడ మీద ఒక మేకు ఉంది. ఇప్పుడు దానికి ఏమీ వేలాడటం లేదు. మా ఆవిడ క్యాలెండరు తగిలిస్తానంటే వద్దన్నాను. ఎందుకో చెప్పాలంటే నా వ్యసనం దగ్గర మొదలుపెట్టాలి.

నేను కర్నూల్లో అర్థశాస్త్రం చెప్పే లెక్చరర్ని. తాగుడు లేదు, పేకాట లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి వేలంలో ఎచింగులు కొంటుంటాను. ఎచింగంటే, రాగిరేకు మీద మైనంలాంటి పూత పూసి, సూదితో బొమ్మ గీసి, ఆ గీతల్ని యాసిడ్ చేత తినిపించి, వాటిలో సిరా నింపి, తడి కాగితం మీద ప్రెస్సులో నొక్కి తీసిన చిత్రం. ఒకే రేకు నుంచి చాలా ప్రతులు తీయొచ్చు గనుక పెయింటింగులంత ధర ఉండదు. అంటే, నా జీతానికి అందకపోయినా కంటికి కనబడుతుంది.

కొంటుంటాను అన్నది కూడా కాస్త గొప్పకు పోయి అన్నమాటే. పాడుతుంటాను అంటే సరిపోతుంది. ఎక్కడో ముంబైలో వేలం జరుగుతుంటే, ఇక్కడ నేను లాప్‌టాప్ ముందు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను. పేరూ మొహమూ తెలియని వాడెవడో నా పాట మీద ఇంకొంచెం పెంచి పట్టుకుపోతాడు. వాళ్ళందరూ వద్దనుకున్న బొమ్మలు కొన్ని నాకు మిగిలాయి. వాటిని నేను సేకరణ అంటాను. మా ఆవిడ "ఆ మిగిలినవి" అంటుంది.

ఓడీ ఓడీ కొన్ని కిటుకులు నేర్చుకున్నాను. కావలసిన దాని వైపు చూడకూడదు. ముందు అక్కర్లేని దాని మీద ఆసక్తి చూపించాలి. చివర్లో దిగాలి. దిగినప్పుడు ఆవులిస్తున్నట్టు దిగాలి. వీటిలో ఒక్కటీ ఆన్‌లైన్లో పనికిరాదు. అక్కడ మన ఆవులింత ఎవరికి కనబడుతుంది?

బద్వేలు దాటాక మా నాయన వదిలిపోయిన పొలం కొంత ఉంది. దాన్ని గుత్తకు చేసే మనిషీ నేనూ చిన్నప్పుడు ఒకే బడిలో చదివాం. వాళ్ళ పేటలో నాపరాళ్ళతో కట్టిన పాత చర్చి ఉంది. ఆయన ఆ సంఘంలో పెద్ద. ఏటా కోతపండగకు రమ్మని పిలుస్తాడు, ఏటా నాకు పని ఉంటుంది. కిందటేడు ఎంత వెతికినా పని దొరకలేదు. వెళ్ళాను.

ఆరాధన అయ్యాక వేలం పెట్టారు. ఇంటింటివాళ్ళూ తెచ్చిన తొలిపంట అంతా బల్ల మీదికి చేరింది. సజ్జలు, వేరుశనక్కాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపెట్టలు. మా గుత్తదారు మైకు పట్టుకున్నాడు. వచ్చిన డబ్బు చర్చికి పోతుంది గనుక ఇక్కడ చౌకగా కొట్టేయడం గెలుపు కాదు, ఎక్కువ పెట్టడం గెలుపు. అదొక్కటే కాదు, గెలిచినవాళ్ళు సరుకు ఇంటికి పట్టుకుపోరు. దేవుడికే అని మళ్ళీ బల్ల మీద పెడతారు, మళ్ళీ పాట మొదలవుతుంది. ఒక కోడి నా కళ్ళముందే చాలామందికి సొంతమై, చివరికి ఎక్కడ బయలుదేరిందో అక్కడికే వచ్చింది. ఏటా వచ్చే కోడిలాగా నిమ్మళంగా కూర్చుంది.

ఆ కోడి వెనక, గోడకు ఆనించి ఉంది పటం.

దగ్గరికి వెళ్ళి గుమ్మడికాయను పరీక్షిస్తున్నట్టు వంగాను. క్యాలెండరులా అచ్చువేసిన బొమ్మ కాదు, అసలైన ఎచింగు. బొమ్మ చుట్టూ కాగితంలోకి దిగిన రేకు అంచు కనబడుతోంది. సగం లేచిన చర్చి గోడ, దాని మీదికి వేసిన ఏటవాలు మెట్లు, నెత్తిన నాపరాళ్ళతో వరసగా ఎక్కుతున్న ఆడవాళ్ళు. అందరూ ముందుకు చూస్తుంటే ఒక పిల్ల మాత్రం తల తిప్పి, నెత్తిన అంత బరువుతో, గీస్తున్న మనిషిని చూస్తోంది. చర్చి కట్టించిన తెల్లదొర భార్య గీసిందట. ఎలాగైనా పట్టుకుపోవాలనుకున్నాను. ఆ ఆత్రంలో కూడా లోపాలు లెక్కపెట్టుకున్నాను: చట్రానికి చెద, కాగితానికి మచ్చలు, అద్దం ఒకచోట, సరిగ్గా ఆ పిల్ల మొహం మీద, మసకబారి ఉంది.

కిటుకులన్నీ ప్రయోగించాను. ముందు గుమ్మడికాయ పాడాను. ఎవరూ పోటీ రాలేదు. గెలిచి, దేవుడికే అని తిరిగి ఇచ్చేశాను. చప్పట్లు కొట్టారు. తర్వాత పటం పాట మొదలైంది. ముందు వరసలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది.

"నేను పాడతాండా!"

"ఏమవ్వా, పొట్టేలును అమ్మినావా?" అని ఎవరో అరిచారు.

"నిన్ను గూడా అమ్ముతా. కొనేవాళ్ళు యాడుండారో చెప్పు," అంది అవ్వ. అందరూ నవ్వారు.

అప్పుడు నేను ఆవులిస్తున్నట్టు చెయ్యెత్తి, ఇంకొంచెం పెంచాను. అవ్వ వెనక్కి తిరిగి నన్ను చూసింది. "సారు పాడినాడు కదా, సరేలే అప్పా," అని కూర్చుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మా గుత్తదారు ఇన్ని వేలాలు నడిపినవాడు, ఎందుకో ఆ మూడూ ఒకే గుక్కలో అనేశాడు. నేను భుజం మీది తువ్వాల తీసి పటాన్ని చుట్టాను. చర్చి మొత్తం నిశ్శబ్దమైపోయింది. కళ పట్ల గౌరవం అనుకున్నాను.

కర్నూలు దాకా ఈల వేసుకుంటూ కారు నడిపాను. జీవితంలో మొదటిసారి వేలంలో ఒకరి మీద పాడి గెలిచాను మరి. మరుసటి వారమే ఫ్రేము కట్టేవాడి దగ్గర పాత చట్రం, మసకబారిన అద్దం తీసేయించి, మెరుపు కొట్టని ఖరీదైన అద్దం వేయించాను. ఆ పిల్ల మొహం స్పష్టంగా బయటపడింది. సోఫాలో ఎక్కడ కూర్చున్నా మమ్మల్నే చూస్తున్నట్టుండేది.

"ఆయమ్మ నిన్నే చూస్తాండాది. ఏం చేసినావో ఏమో," అనేది మా ఆవిడ.

వేరుశనక్కాయలు ఇచ్చిపోదామని మా గుత్తదారు ఒకరోజు కర్నూలు వచ్చాడు. మూట దించి, మంచినీళ్ళు తాగుతూ పటం చూశాడు. గ్లాసు అలాగే పట్టుకుని లేచి దగ్గరికి పోయాడు.

"అద్దం మార్పిచ్చినావాప్పా?"

"పాతది మాసిపోయింది కదా."

"అది మాసింది గాదులే. చేతులు పడీ పడీ అట్లయింది. ఆ తల తిప్పిండే పిల్ల, అవ్వ వాళ్ళ జేజి, అవ్వకే అవ్వ. పాట పాడినాది సూడు, ఆ అవ్వ. వాళ్ళ జేజిది ఇంగో పటం యాడా లేదు. గుడికొచ్చినప్పుడల్లా చెంప నిమిరి పోతాది. వాళ్ళమ్మా అంతే చేస్తాండె."

"మరి అలాంటిదాన్ని వేలంలో ఎందుకు పెట్టారు?"

"ఏటా పెడతాం కదప్పా. ఎవరు పాడినా మళ్ళీ గోడకే. ఆ యేడు పాడినోళ్ళు వాళ్ళ చేతుల్తో తగిలిస్తారు, అంతే. అవ్వకు ఎప్పుడూ అందలా. ఈసారి పొట్టేలును అమ్మి వచ్చింది."

నా నోటికి వచ్చిన మాట గొప్పదేం కాదు. "నాకు చెప్పొచ్చు కదా!"

"ఎట్ల చెప్పేది? గుమ్మడికాయ తిరిగిస్తివి. అందరం చప్పట్లు గొడితిమి. పటం గూడా ఇస్తావులే అనుకుంటాండంగా తువ్వాల తీస్తివి."

కోడికి వర్తించే నియమం కళకు వర్తించదని నేను అనుకున్నట్టు ఆయనకు చెప్పలేదు. "అయినా అవ్వ ఇంకో మాట పాడి ఉంటే నేను..." అన్నాను.

ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. "మీ ఇంటి మీద యాడన్నా పాడతారాప్పా?" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. ఈ పక్క వాన పడిందా అన్నంత మామూలుగా అన్నాడు.

మా ఊళ్ళో ఏటా చింతచెట్ల కాపుకు పంచాయతీ వేలం వేసేది. మా నాయన ఒక్క మాట అనేవాడు, పాట అక్కడితో ఆగిపోయేది. ఆయన వెనక నిలబడి, బేరం చేయడంలో మా నాయనంతటివాడు లేడని నేను పొంగిపోయేవాణ్ణి. ఆ తెలివి నాకూ వచ్చిందని, అవకాశం రాక బయటపడలేదని నమ్ముతూ ఇన్నేళ్ళు బతికాను. మా వంశానికి వేలంలో ఓటమి లేదు, ఆన్‌లైన్లో తప్ప. ఆన్‌లైన్లో మేమెవరో ఎవరికీ తెలియదు. అందరూ సమానంగా దిగే సంపూర్ణ పోటీ అనేది పాఠ్యపుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదని క్లాసులో ఏటా చెబుతాను. పిల్లలు ఉదాహరణ అడిగితే దూరం వెళ్ళి వెతికేవాణ్ణి.

"ఇప్పుడే ఇచ్చేస్తా, పట్టుకుపో," అన్నాను.

"నేనేల ఎత్తుకపోవల్ల? తెచ్చుకున్నది నువ్వు. మళ్ళీ పండగకు నువ్వే తేవల్ల," అని ఆయన బస్సుకు వెళ్ళిపోయాడు.

పండగ దాకా ఆగమని ఆయనే అన్నాడు గదా అని ఆగాను. ఆగడం నాకు సుఖంగానే ఉంది, దాచడమెందుకు. మర్నాడే కారులో పెట్టుకుపోయి గోడకు తగిలించి రావచ్చు, ఎవరూ కాదనరు. పోలేదు. గీసినామె వివరాలు తెలుసుకోవాలని ఒక సాకు, దారిలో రోడ్డు పని జరుగుతోందని ఇంకో సాకు. నిజం ఏమిటంటే, నా దగ్గరున్న వాటిలో అదొక్కటే మంచి బొమ్మ. సోఫా వదిలి నా చోటు మాత్రం మార్చుకున్నాను. కుర్చీ వేసుకుని, ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

"టీవీ ఆ పక్కుంటే నువ్వు ఈ పక్క కూర్చుంటే ఏం కనపడతాది?" అంది మా ఆవిడ.

"వింటున్నాను," అన్నాను.

ఈ ఏడు కోతపండగకు ఇద్దరం వెళ్ళాం. పటాన్ని అదే తువ్వాలలో చుట్టి తీసుకుపోయాను. చర్చి గోడ మీద దాని చోటు నలుచదరంగా, చుట్టూ ఉన్న సున్నం కంటే తెల్లగా ఉంది. అందరూ వారం వారం దాని ఎదురుగానే కూర్చుంటారు. ఆ చోట ఇంకేమీ తగిలించలేదు.

అవ్వ ముందు వరసలోనే ఉంది. పటం బల్ల మీద పెట్టగానే లేచి వచ్చి, బొటనవేలితో అద్దాన్ని తాకి చూసింది.

"శానా నున్నగుండాది."

"తప్పయింది అవ్వా. పాతది పారేసినారు."

"పోనీలే. మాస్తాది."

మా గుత్తదారు మైకులో పాట మొదలుపెట్టాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేను లేచి, ఇది మీది, అందరూ పాడాలి అని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. అవ్వ దగ్గరికి వెళ్ళి వంగాను.

"పాడవ్వా."

"నీ పటానికి నేను పాడేదేందప్పా?"

"నాది కాదవ్వా."

"మరి ఇన్నాళ్ళూ ఎవరింట్ల ఉన్నింది?"

మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టి లాగింది. "నువ్వు ఈడుంటే వాళ్ళు పాడరు. బయటికి పా," అంది మెల్లగా. వేలం గురించి నాకు ఎవరైనా చెప్పిన మాటల్లో పనికొచ్చింది అదొక్కటే.

చెప్పులు వేసుకుని, రోడ్డు అవతల ఆపిన కారు దగ్గరికి నడిచాం. కాసేపు మైకులో గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత మా గుత్తదారు గొంతు వినబడింది. నేను లోపల ఉండగా ఎన్నడూ వినని గొంతు అది.

"ఏమప్పా, నోట్లో శనక్కాయలు పెట్టుకున్నారా? పాడండి!"

ఎవరో పాడారు. అవ్వ పెంచింది. ఇంకెవరో సరదాకు అవ్వ మీద పెంచారు.

"నీ నోరు పడిపోనూ, నా మీదనే పాడతావురా!"

"పొట్టేలు దుడ్లు అయిపాయనా అవ్వా?"

"ఇంగో పొట్టేలుండాది! పాడు, సూస్తా!"

నవ్వులు, కేకలు, చప్పట్లు. నేను పోయినేడు పెట్టిన ధరను ఎప్పుడో దాటేసి పోయారు. మూడోసారి అనడానికి మా గుత్తదారు ఎంత సాగదీశాడంటే, మా ఆవిడ ఊపిరి బిగబట్టి నా భుజం పట్టుకుంది. మూడోసారి! చర్చి అదిరిపోయింది. కుర్చీ తెమ్మని, అవ్వను పట్టుకోమని, పడతావు జాగ్రత్త అని మైకులో రకరకాల గొంతులు. గోడకు తగిలిస్తోందన్నమాట.

"లోపలికి పోదామా? చూసొద్దాం," అంది మా ఆవిడ.

చూడాలని నాకూ ఉంది. కానీ గుమ్మంలో నేను కనబడిన క్షణాన ఆ గొంతులన్నీ ఏమవుతాయో తెలుసు. అవ్వ కుర్చీ మీద నిలబడి, సారుకు దారివ్వండప్పా అంటుంది.

"కొంచెం ఆగుదాం," అన్నాను.

లోపల కోడి పాట మొదలైంది. ఎవడో మరీ తక్కువకు పాడాడు. నా చెయ్యి దానంతటదే కొంచెం లేచింది. దాన్ని జేబులో పెట్టుకుని, కారుకు ఆనుకుని నిలబడ్డాను.