చిట్యాల మీద ఊపిన చెయ్యి

విమానమంటే తలెత్తి చూసేదే తప్ప ఎక్కేది కాదని మా కేతేపల్లి మొత్తం నమ్మిన కాలం అది. అప్పుడు నేను హైదరాబాదులో ఒక సర్కారు దఫ్తరులో కొత్త గుమాస్తాని. మా పెద్ద సారు ఏవో కాగితాలు పట్టుకుని విమానంలో బెజవాడ వెళ్ళాల్సి ఉండగా, వారం ముందే ఆయనకు గుండెదడ మొదలైంది. (భయం అనడానికి హోదా ఒప్పుకోలేదు.) దాంతో కాగితాలూ, టికెట్టూ నా చేతికొచ్చాయి. ఇక నా కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు.

ఆ విమానం మా ఊరి మీదుగానే పోతుందని నాకు తెలుసు. గొర్రెలు కాస్తూ ఎన్నిసార్లు చూడలేదు! అది గంటకెన్ని మైళ్ళు పోతుందో టికెట్లిచ్చే ఆయన్ని అడిగాను. ఊరెన్ని మైళ్ళో రోడ్డు పక్క రాళ్ళే చెప్పాయి. భాగహారం చేసి, విమానం పది గంటలకు బయలుదేరుతుంది కనుక పదీ ఇరవై అయిదుకు సరిగ్గా నీ నెత్తిమీద ఉంటాను, ఊరవతలి మిట్ట మీద నిలబడి తెల్ల ధోవతి ఊపు, నేను కిటికీలోంచి చెయ్యి ఊపుతాను అని బాపుకు కార్డు రాశాను. కొడుకు తనను ఆకాశంలోంచి చూడాలని, అది ఊరంతా చూడాలని బాపు ఎంత ఆశపడ్డాడో, బడి పంతులు చేత రాయించిన జవాబులో తెలిసిపోయింది.

ఆ రోజు పక్కాయన గడియారం నా కళ్ళముందే ఉంది. పదీ ఇరవై అయిదు కాగానే ముక్కు అద్దానికి ఆనించాను. కింద ఒక ఊరు, ఊరవతల తెల్లగా రెపరెపలాడుతూ ఏదో గుడ్డ. బాపే! భుజం నొప్పి పుట్టేదాకా చెయ్యి ఊపాను, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. తర్వాత తృప్తిగా వెనక్కి వాలి, విమానంవాళ్ళిచ్చిన పిప్పరమెంటు చప్పరిస్తూ కళ్ళు మూసుకున్నాను.

తిరుగు ప్రయాణం బస్సులోనే. దారిలో మా ఊళ్ళో దిగగానే, బాపును చూశానని చుట్టూ చేరిన వాళ్ళకు గొప్పగా చెప్పాను. అంతలో పంతులు, ఆ రోజు పొద్దుటి నుంచీ మిట్ట దిగని బాపు గురించి చెబుతూ, విమానం వచ్చేసరికి తన గడియారంలో పదీ ముప్ఫై అయిదు అయిందన్నాడు. నా లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడర్థమైంది. విమానం పది కొట్టగానే ఎగరదు. ఇంజన్లు వేడెక్కాలి, మైదానం చివరిదాకా దొర్లుకుంటూ పోవాలి. అదేదీ నా భాగహారంలో లేదు. నేను కళ్ళనీళ్ళతో చెయ్యి ఊపింది మా ఊరికి ఎంతో ముందే వచ్చే ఏ చిట్యాలలోనో ఆరేసిన బట్టలకు! బాపు ధోవతి ఊపుతున్నప్పుడు నేను పిప్పరమెంటు చప్పరిస్తున్నాను.

గొప్పగా చెప్పిన మాట అందరి ముందూ వెనక్కి తీసుకోలేకపోయాను. గొర్రెల దొడ్డి దగ్గర బాపు ఒక్కడే ఉన్నప్పుడు, తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

బాపు దొడ్డి తడిక వేసి, నా దగ్గరికి వచ్చాడు.

"గంతేనా? నాకు గూడ నువ్వు కనపడలే బిడ్డా. చెయ్యి ఊపిండని ఊళ్లె నేనే చెప్పిన. ఇగ నువ్వు మాట మార్చకు."

ఇద్దరం గొర్రెలు బెదిరేట్టు నవ్వాం. ఆ అబద్ధాన్ని బాపు పోయేదాకా ఇద్దరమూ కాపాడుకున్నాం. ఆ కుర్ర గుమాస్తా గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ వాడి లెక్క తప్పకపోయి ఉంటే, బాపు నాతో అట్లా స్నేహితుడిలా నవ్విన రోజు ఒక్కటీ నాకు ఉండేది కాదు.