చెయ్యి అందని రెండేళ్ళు

మా చెల్లెలివి పొట్టి చేతులు. వాటివల్ల అది టీచరు కాకుండా పోయేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మా కాలంలో ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో బడిలో చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కుడిచెయ్యి తలమీదుగా తెచ్చి ఎడమచెవి పట్టుకోమనేవాళ్ళు. అందితే ఐదేళ్ళు నిండినట్టు. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది నేనే, బడికి తీసుకువెళ్ళిందీ నేనే. ఐదో ఏట అందలేదు. ఆరో ఏటా అందలేదు. ఏడో ఏట మెడ వంచి, పళ్ళు బిగబట్టి, ఎట్లాగో చెవి కొస పట్టుకుంది. అయ్యవారు సంతోషంగా ఐదని రాసుకున్నాడు. నేను రెండో తరగతితో మానేసినదాన్ని. ఆ అంకె ఎప్పటికైనా అడ్డమొస్తుందని నాకేం తెలుసు?

ఎనిమిది పాసయ్యాక టీచరు ట్రైనింగులో చేర్చడానికి దాన్ని నంద్యాల తీసుకువెళ్ళాను. అక్కడి పెద్ద టీచరమ్మ సర్టిఫికెట్టు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ పిల్లకు రెండేండ్లు తక్కువుండాయమ్మా."

"వయసు తక్కువ కాదమ్మా, చెయ్యి తక్కువైంది" అని జరిగిందంతా చెప్పాను.

ఆమె నవ్వింది కానీ కాగితం వెనక్కిచ్చేసింది. "నీ మాట సాలదు. పుట్టినప్పుడు రాసిన కాగితం ఏదన్నా తీసుకరా. శనివారం దాకా చూస్తా."

ఇంటికొస్తే నాయన, "రెండేండ్లు పత్తికి పోనీలే, తర్వాత సూద్దాం" అన్నాడు. అట్లా పత్తికి పోయిన ఆడపిల్ల మళ్ళీ పుస్తకం పట్టడం మా పల్లెలో నేను చూడలేదు. "ఇంట్లో నీకు తోడు అదొకటే గదా, దాన్ని పంపీడానికి ఏందీ ఇంతగా తిరుగుతాండావ్?" అని కూడా అడిగాడు.

అది పుట్టిన నెలకే బాప్తిస్మం ఇచ్చారు. బాప్తిస్మాలు రాసిపెట్టే పుస్తకం నంద్యాల చర్చి అయ్యగారి దగ్గర ఉంటుందని తట్టి, మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కాను. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని, "ఏ సంవత్సరమమ్మా?" అన్నారు.

"అది తెలీదయ్యగారూ. ఆ పొద్దు వాన. మీకు ముందున్న అయ్యగారు వాగు పొంగి మా ఊర్లోనే రెండు దినాలు నిలబడిపోయినారు. ఆరుమందికి ఇచ్చినారు. అందులో కవలలు ఉండారు."

"కవలలా?" అంటూ ఆయన మొదటినుంచి పేజీలు తిప్పారు. కవలలు దొరికారు. వాళ్ళ కింది వరసలో మా చెల్లెలు, పుట్టిన తేదీతో సహా.

నకలు రాసి సంతకం పెడుతూ ఆయన, "ఏం జ్ఞాపకమమ్మా నీది. నువ్వు గనక సదువుకొనుంటే" అని అక్కడే ఆగిపోయారు. నేను కాగితం కొంగులో కట్టుకున్నాను.

శనివారం చేర్చుకున్నారు. హాస్టలు గేటు దగ్గర చెల్లెలు నా చెయ్యి వదల్లేదు.

"బిరీన వస్తావు గదక్కా?"

"నేనేం వస్తా, సెలవలకు నువ్వే రా. ఈడ ఏడ్సాకు. మళ్ళా వయసు సాలదంటారు."

అది నవ్వి లోపలికి పోయింది. తిరుగు బస్సులో పక్కసీటు ఖాళీగానే ఉంది.

రోజూ పొద్దున ఒకరి జడ ఒకరం వేసుకోవడం మాకు అలవాటు. సోమవారం గడప దగ్గర కూర్చుని నేనే వేసుకున్నాను. పాపిట తిన్నగా వచ్చిందో వంకరపోయిందో చెప్పేవాళ్ళు లేరు. నాయన అప్పటికే చేనికి పోయాడు. విప్పి మళ్ళీ వేసుకున్నాను.